శంషాబాద్‌లో విమానం దబ్బున దిగింది, దాని ఒంటికి ఏమీ కాదా?

హనుమకొండ వాసి:
మొన్న అమ్మను తీసుకుని దుబాయ్ నుంచి వచ్చాను. శంషాబాద్‌లో దిగేటప్పటికి జోరు వాన. చక్రాలు నేలకు తాకగానే ఎంత దెబ్బ అంటే, తల మీది సామాన్ల అర మూత ఒకటి తెరుచుకుంది. "రెక్క ఇరిగిందనుకున్న బిడ్డా" అన్నది అమ్మ. వరంగల్ చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. అదే విమానం కాసేపట్లో మళ్లీ ఎగురుతుందని విని నాకు టెన్షన్ పట్టుకుంది. అంత దెబ్బ తిన్న దాన్ని ఎట్లా పంపుతారు? ఎరిగినవాళ్లు చెప్పండి.

కాజీపేట రిటైర్డ్:
విమానాల మరమ్మతులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అమ్మగారికి ధైర్యం చెప్పండి. మామూలుగా విమానం నేలకు తాకేటప్పుడు సెకనుకు రెండు మూడు అడుగుల వేగంతో కిందికి దిగుతుంటుంది. ఒక వస్తువును అంగుళం, రెండంగుళాల ఎత్తు నుంచి వదిలేస్తే నేలకు తగిలే వేగం అంతే. పెద్ద ప్రయాణికుల విమానాన్ని, దిగడానికి అనుమతించిన పూర్తి బరువుతో సెకనుకు 10 అడుగుల వేగాన్ని తట్టుకునేలా కడతారు. అది అడుగున్నర ఎత్తు నుంచి పడ్డట్టు. ల్యాండింగ్ గేర్‌ను, అంటే చక్రాలుండే కాళ్లను, 12 అడుగుల వేగానికి కూడా పరీక్షిస్తారు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు అవుతుంది కాబట్టి 10కి, 12కి మధ్య తేడా చిన్నది కాదు.

ఇంకో మాట. వానలో రన్‌వే మీద నీటి పొర ఉంటుంది. మెత్తగా దించితే చక్రం ఆ నీటి మీద జారుతుంది, బ్రేకు పట్టదు. అందుకే పైలట్ కావాలనే కాస్త గట్టిగా ఆనిస్తాడు. మీకు తగిలింది అదే అయి ఉంటుందని నా నమ్మకం.

లారీ మెకానిక్, ములుగు రోడ్డు:
సార్, లారీకైతే కమాన్ కట్టలుంటాయి. దెబ్బ పడితే వంగి మళ్లీ ఎగరేస్తాయి. విమానం కూడా అట్లా ఎగరాలి కదా?

కాజీపేట రిటైర్డ్:
మంచి ప్రశ్న. విమానం కాలులో కమాన్లు ఉండవు, నూనె, నైట్రోజన్ వాయువు ఉంటాయి. కాలు లోపలికి కుదించుకుంటుంటే నూనె సన్నటి రంధ్రం గుండా దూరాలి. ఆ ఒరిపిడిలో దెబ్బలోని బలం చాలావరకు వేడిగా మారిపోతుంది. మిగిలిన దాన్ని వాయువు కుదించుకుని మోస్తుంది. తిరిగి చాచుకునేటప్పుడు కూడా నూనె మెల్లగానే వదులుతుంది.

జగిత్యాల అన్న, గల్ఫ్ నుంచి:
నేను ఇక్కడి ఎయిర్‌పోర్టులో ఇంజనీర్లకు హెల్పర్‌ని. పైలట్ "హార్డ్ ల్యాండింగ్" అని లాగ్‌బుక్‌లో రాస్తే తనిఖీ కాకుండా ఆ విమానం కదలదు. ఒక రాత్రి అట్లాంటిదే వచ్చింది. ముందు టైర్లు, తర్వాత కాలు దగ్గర నూనె కారిందా, రెక్క కింద ఇంధనం చెమ్మ ఉందా, ఇంజన్ పట్టుకున్న చోట ఏమన్నా కదిలిందా, అన్నీ చూశాం. చివరికి ఇంజనీర్ టార్చిని రేకుకు ఆనించి పక్కవాటుగా వెలుగు వేశాడు. ఎదురుగా చూస్తే నున్నగా ఉన్న రేకు మీద, దుప్పటి ముడతలా చెయ్యెడు నీడ కనిపించింది. దాని పక్కన రెండు రివెట్ల చుట్టూ నల్లటి మరక. రివెట్ వదులై కదులుతుంటే అట్లా మసి పడుతుందని ఆయన నా వేలు పట్టి చూపించాడు. ఆ విమానం ఆ రాత్రి ఎగరలేదు. లోపలి ఎముకలు చూడాలని ప్యానెళ్లు విప్పారు.

నిట్ మెకానికల్:
ఆ ముడత సంగతి నిజం. 2012 జూన్‌లో జపాన్‌లోని నరీటాలో ఒక బోయింగ్ 767 అట్లాగే దిగితే ముందు భాగం పైరేకు ముడత పడింది. వెనక చక్రాలు ఆనాక ముక్కు ఒక్కసారిగా కిందికి కొట్టుకుంటే వీపు వంగుతుంది. 1980 మే 2న అమెరికాలోని ఎడ్వర్డ్స్‌లో ఎండీ-80 విమానం పరీక్షలో గట్టిగా దిగినప్పుడు తోకే ఊడి పడింది.

హద్దు దాటితే ఏది ముందు తెగాలో కూడా డిజైన్‌లోనే ఆలోచిస్తారు. ఇంధనం ఉండేది రెక్కలో. కాలు ఊడినా ట్యాంకును చీల్చి మంట రేపకూడదని నియమం. 2008 జనవరి 17న లండన్ హీత్రోలో బోయింగ్ 777 రన్‌వే చేరకముందే గడ్డిలో పడింది. ఒక కాలు ఊడిపోయింది, ఇంకోటి రెక్కలోకి పొడుచుకొచ్చింది, ఇంధనం కారింది. అయినా మంట రాలేదు, 152 మందీ బతికారు.

కాజీపేట రిటైర్డ్:
నా లెక్కలో మొదటి దెబ్బ కంటే, నేలకు తగిలి బంతిలా ఎగిరి మళ్లీ పడే దెబ్బే ప్రమాదం. 2019 మే 5న మాస్కోలో సూపర్‌జెట్ విమానం రెండుసార్లు ఎగిరి మూడోసారి పడ్డప్పుడు కాళ్లు విరిగి ట్యాంకు చీలింది. మంటల్లో 41 మంది పోయారు. ఎగిరిన విమానాన్ని ముక్కు వంచి బలవంతంగా నేలకు అదమకూడదు. ఇంజన్ల జోరు పెంచి మళ్లీ పైకి పోవడమే దారి. అట్లా పైకి పోతే ప్రయాణికులు పైలట్‌ను తిట్టుకుంటారు. దయచేసి తిట్టకండి.

హనుమకొండ వాసి:
అమ్మకు చదివి వినిపించా. "మన వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టుల దిగితే ఇంకా గట్టిగ కొట్టదా, అది చిన్నది కదా" అని అడుగుతోంది.

కాజీపేట రిటైర్డ్:
నిజాం కాలం నాటి పాత రన్‌వే పొట్టిదే తల్లీ, విమానాలు మళ్లీ రావాలంటే పొడిగించాలి. పొట్టి రన్‌వే మీద మెత్తదనం కోసం గాల్లో తేలుతూ పోరు, అనుకున్న చోటే ఆనిస్తారు. కాస్త గట్టిగానే తెలుస్తుంది. దిగేటప్పుడు వీపును సీటుకు ఆనించి, బెల్టు నడుముకు బిగించి కూర్చోండి.