సిలికాన్ ఆనోడ్‌కి కార్బన్ పూత వేసినా 40 సైకిళ్లకే కెపాసిటీ పడిపోతోంది, తప్పెక్కడ?

నల్లపొడి:
అన్నలూ అక్కలూ, లిథియం బ్యాటరీకి సిలికాన్ ఆనోడ్ (ఛార్జింగ్‌లో లిథియాన్ని పట్టి ఉంచే వైపు) చేసే ఎం.టెక్ ప్రాజెక్టులో ఇరుక్కుపోయాను. 80 నానోమీటర్ల సిలికాన్ పొడిని గ్లూకోజ్ నీళ్లలో కలిపి, ఆరబెట్టి, ట్యూబ్ ఫర్నేస్‌లో ఆర్గాన్ వదులుతూ 800 డిగ్రీల దగ్గర కాల్చాను. టీజీఏలో (వేడి చేస్తూ బరువు తూచే పరీక్ష) కార్బన్ 8 శాతం తేలింది. సూపర్-పి (కరెంటు పారడానికి కార్బన్ పొడి), పీవీడీఎఫ్ (అంటించే జిగురు) కలిపి కాపర్ ఫాయిల్ మీద పూసి, ఎదురుగా లిథియం రేకు పెట్టి కాయిన్ సెల్ కట్టాను. మొదటిసారి గ్రాముకి 3,100 ఎంఏహెచ్ ఎక్కింది, 2,250 దిగింది. 40 సైకిళ్లకి (ఓసారి ఎక్కించి దించితే ఒక సైకిల్) మిగిలింది 610. పూత లేని పొడి కూడా ఇంచుమించు ఇంతే! సార్ పూత మందం పెంచమంటున్నారు. గ్లూకోజ్ రెట్టింపు చెయ్యనా? జూన్‌లో వైవా.

కొలిమికబుర్లు:
గ్లూకోజ్ జోలికి అప్పుడే పోకు తమ్ముడూ. సిలికాన్ గ్రాముకి 3,579 ఎంఏహెచ్ దాకా లిథియం మింగగలదు, గ్రాఫైట్ 372 దగ్గరే ఆగిపోతుంది. ఆ తిండికి తగ్గట్టే నిండా మింగితే దాదాపు నాలుగింతలు ఉబ్బుతుంది. పూర్ణం బూరె తలుచుకో. తోపు పలచబడిన చోట చీలి పూర్ణం నూనెలో పడుతుంది. ఇక్కడ పూర్ణమే ఉబ్బుతోంది, కాబట్టి తోపు మందం చేసినా చీలుతుంది. చీలిన చోట సిలికాన్‌కి ఎలక్ట్రొలైట్ (సెల్‌లోని ద్రవం) తగిలి ఎస్ఈఐ పొర (ఆ ద్రవం విరిగి కట్టే పొర) మళ్లీ కడుతుంది, కట్టినప్పుడల్లా కొంత లిథియం పోతుంది. పైగా 8 శాతం అన్నది సగటు లెక్క. ఎక్కడ గడ్డకట్టిందో, ఎక్కడ బోసిగా ఉందో టీజీఏ చెప్పదు, టీఈఎమ్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడాలి.

అయితే నీ కేసులో నా అనుమానం వేరే. 150 నానోమీటర్ల లోపు గింజలు మామూలుగా పగలవు. చచ్చిన సెల్ ఒకటి విప్పి చూసి చెప్పు.

నల్లపొడి:
విప్పాను అన్నా. నల్లపొర పాత సున్నం గోడలా పెచ్చులు లేచి, సగం సెపరేటర్‌కి (రెండు వైపులనీ వేరుచేసే పల్చటి పొర) అంటుకుపోయింది. మధ్యలో రాగి తళతళా కనబడుతోంది.

మూతసీసా:
ఇంకేం, దొంగ దొరికాడు. పీవీడీఎఫ్ గ్రాఫైట్‌కి చాలు, సిలికాన్‌కి చాలదు. ఊరికే అంటుకుని ఉంటుందంతే. సీఎంసీ గానీ పీఏఏ గానీ జిగురుగా వాడు, అవి సిలికాన్ మీద ఉండే ఆక్సైడ్ పొరని గట్టిగా పట్టుకుంటాయి. ఎస్ఈఐ పొర నిలకడగా ఉండేలా ఎలక్ట్రొలైట్‌లో 10 శాతం ఎఫ్ఈసీ అనే ద్రవం కలుపు. ఒక్క జాగ్రత్త తమ్ముడూ, అవి నీళ్లతో కలిపే స్లర్రీలు (ఫాయిల్ మీద పూసే ముద్దలు). నేను ఓసారి రాత్రి సీసా మూత బిగించి ఇంటికెళ్లిపోయాను. పొద్దున వచ్చేసరికి సీసా బూరుగు కాయలా ఉబ్బి ఉంది. సిలికాన్ నీళ్లతో కలిసి హైడ్రోజన్ వదిలింది. పూత బాగా పడిన పొడికి ఈ గొడవ తక్కువ. పూత ఎలా పడిందో చూసుకోడానికి అదీ ఒక పరీక్షే.

నల్లపొడి:
థ్యాంక్స్ అక్కా. మరి యోక్-షెల్ పూత కూడా చేసేయనా?

కొలిమికబుర్లు:
జూన్‌లో వైవా పెట్టుకుని వద్దు. ఆలోచన గొప్పదే. కురిడీ కాయ ఊపితే లోపల కొబ్బరి గలగలలాడుతుంది చూడు, అలా గింజకీ చిప్పకీ మధ్య ఖాళీ వదులుతారు. ఉబ్బినా చిప్ప పగలదు. కానీ ఆ ఖాళీ రావాలంటే మధ్యలో సిలికా పొర వేసి, దాన్ని హెచ్ఎఫ్‌తో (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం) కరిగించాలి. ఆ ఆమ్లం మీద పడితే పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా లేని ల్యాబ్‌లో హెచ్ఎఫ్ సీసా మూత కూడా తియ్యకు.

ఇంకోటి. 2012లో స్టాన్‌ఫర్డ్ యీ త్స్వే (Yi Cui) బృందం యోక్-షెల్‌తో 1,000 సైకిళ్లకి 74 శాతం నిలబెట్టింది. కూలంబిక్ ఎఫిషియెన్సీ (ఎక్కినదాంట్లో తిరిగి దిగిన వంతు) 99.84 శాతం. కాలిక్యులేటర్‌లో 0.9984ని వెయ్యిసార్లు గుణించు, 0.20, అంటే 20 శాతమే వస్తుంది. మరి 74 ఎలా మిగిలింది? ఎదురుగా ఉన్న లిథియం రేకు పోయినదాన్నల్లా పూడుస్తూనే ఉంటుంది. అసలు బ్యాటరీలో క్యాథోడ్ తెచ్చిన లిథియమే ఉంటుంది, అది అయిపోతే అంతే. అందుకని కెపాసిటీ గీత ఒక్కటే చూసి మురిసిపోకు, ఎఫిషియెన్సీ గీత కూడా పక్కనే వెయ్యి. పూత పనిచేసిందో లేదో తేలేది అక్కడే.

నల్లపొడి:
సీఎంసీతో పూతున్నవి నాలుగు, లేనివి నాలుగు కట్టి పెట్టాను. స్లర్రీ సీసా మూత వదులుగానే ఉంచాను అక్కా.