మూసిన పెట్టెలో ఫ్యాన్ లేని సర్వర్: వేడి బయటికి పంపేదెలా?

యంత్రాల పక్కన మూసి ఉంచిన ఇనుప పెట్టెలో, డిన్ రైలుకు (పరికరాలు తగిలించే లోహపు పట్టీకి) బిగించిన ఫ్యాన్ లేని చిన్న సర్వర్ నడుపుతున్నాం. 24 వోల్టుల డీసీ సరఫరా, 6 వాట్ల ప్రాసెసర్. ఆర్ఎస్-485 అనే డేటా తీగల మీదుగా, మోడ్‌బస్ పద్ధతిలో డేటా పంపే మీటర్ల రీడింగులు సేకరించడమే దాని పని. ఉదయం బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి ప్రాసెసర్ వేడి 95 డిగ్రీలు దాటి, వేగం పడిపోయి, రీడింగులు మధ్యమధ్యలో ఎగిరిపోతున్నాయి. వేడిని గాలిలోకి వదిలేందుకు సర్వర్‌కు ఉన్న అల్యూమినియం రెక్కలు చెయ్యి పెట్టలేనంతగా కాలుతున్నాయి. అంటే వేడి రెక్కల దాకా వస్తోంది, అక్కడి నుంచి పోవడానికే దారి లేదు. పెట్టెకు చిల్లులు పెట్టమని మాత్రం అనకండి. లోహపు పొడి లోపలికి చేరితే అసలుకే ఎసరు. రెక్కలు నిలువుగా ఉండేలా తిప్పి బిగిస్తే సరిపోతుందా, లేక సర్వర్ వీపును థర్మల్ ప్యాడ్‌తో (వేడిని దాటించే మెత్తటి పొరతో) పెట్టె గోడకే ఆనించాలా? ఇలాంటి చోట నడిపినవారు దయచేసి చెప్పండి.