పాత కారు ఇంజన్ మౌంట్లు: కొత్తగా చేసిన రబ్బరును నమ్మవచ్చా?

మా దగ్గర 1959 నాటి మోరిస్ మైనర్ 1000 ఉంది, 948 సీసీ ఇంజన్‌ది. నాన్నగారు ప్రాణంలా చూసుకున్న బండి. కొన్ని నెలలుగా గేరు వేసి క్లచ్ వదలగానే ఇంజన్ ఒక్కసారిగా ఊగి, ముందు భాగమంతా అదిరేది. బానెట్ ఎత్తి చూస్తే ఎడమవైపు మౌంట్‌లో, అంటే ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే దిమ్మెలో, రబ్బరు ఉక్కు పలక నుంచి విడిపోయి ఉంది. ఏళ్ల తరబడి కారిన ఆయిల్‌కు అది ఉబ్బి మెత్తబడింది.

పాత నమూనాలో కొత్తగా తయారుచేసిన జత ఒకటి తెప్పించి బిగించాను. ఊగడం తగ్గింది. కానీ ఆ రబ్బరు మరీ గట్టిది. బండి నిలిపి ఉంచి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు వణుకు స్టీరింగ్ దాకా వస్తోంది. బోల్టులు వదులు చేసి, ఇంజన్ బరువు మౌంట్ల మీద కుదురుకున్నాక మళ్లీ బిగించినా తేడా లేదు. గేర్‌బాక్స్ కింది మౌంట్లు ఇంకా పాతవే. వణుకు అక్కడి నుంచి వస్తోందా?

అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. కొనేముందు రబ్బరు గట్టితనం షోర్ కొలతలో ఎంత ఉండాలని అడగాలి? రబ్బరుకు బదులు వాడే గట్టి ప్లాస్టిక్ రకం పాలీయురెథేన్ నాకు వద్దు, ఈ బండి నడకలోని మెత్తదనం పోతుంది. పాత ఉక్కు పలకలు దాచి ఉంచాను. అలాంటి వాటికే కొత్త రబ్బరు పోసి వల్కనైజ్ (వేడితో రబ్బరును గట్టిపరచి పలకకు అతికించడం) చేయించినవారు ఉన్నారా? అది ఎంతకాలం నిలిచింది?