అరుదైన పిట్ట ఫొటోకు ఏఐ మెరుగులు: జాతి నిర్ధారణకు ఆధారంగా ఒప్పుకోవచ్చా?

వంగపండు:
దట్టమైన పొదల్లో మసలే లీఫ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ఒకటి ఈ మధ్య నా కెమెరాకు చిక్కింది. పొద లోపల వెలుతురు అంతంతమాత్రం, పిట్ట చూస్తే క్షణం కుదురుగా ఉండదు. అందువల్ల షట్టర్ స్పీడ్‌ను సెకనులో 1/800 వంతు వద్ద ఉంచి ఐఎస్ఓను (కెమెరా వెలుతురుకు స్పందించే స్థాయిని) 12800 దాకా పెంచవలసి వచ్చింది. రా ఫైల్‌ను (కెమెరా నుంచి నేరుగా వచ్చిన, మెరుగులు దిద్దని ఫైల్‌ను) ఏఐ సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేశాక రెక్క మీద సన్నని లేత పట్టీ ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. మూల ఫైల్‌ను 100 శాతం సైజులో చూస్తే మాత్రం అక్కడ లేత చుక్కలు కొన్ని చెదురుమదురుగా ఉన్నాయే తప్ప పట్టీ అనదగినది లేదు. ఈ వార్బ్లర్లలో కొన్ని జాతులను వేరుచేయడానికి ఆ పట్టీ ఒక ముఖ్యమైన ఆనవాలు. ఇలా మెరుగుపరచిన ఫొటోను పక్షి నమోదుకు ఆధారంగా సమర్పించడం సబబేనా?

జెముడుకాకి:
సబబు కాదు. తక్కువ వెలుతురు ఫొటోల్లో కనిపించే చుక్కల గరుకుదనం, అంటే నాయిస్, కెమెరా లోపమని చాలామంది అనుకుంటారు గానీ, అందులో పెద్ద భాగం కాంతి స్వభావంలోనే ఉంది. ఒక పిక్సెల్ మీద సగటున 10,000 ఫోటాన్లు (కాంతి కణాలు) పడితే సహజంగా వచ్చే హెచ్చుతగ్గు సుమారు 100, అంటే 1 శాతం. 100 ఫోటాన్లే పడితే ఆ హెచ్చుతగ్గు 10, అంటే 10 శాతం. పట్టీకీ పక్క ఈకలకూ మధ్య తేడా ఇంతకన్నా తక్కువైనప్పుడు ఏ ఒక్క పిక్సెల్‌నూ నమ్మడానికి వీల్లేదు. మరి సాఫ్ట్‌వేర్ అంత తీరైన గీతను ఎక్కడి నుంచి తెచ్చింది? తాను నేర్చుకున్న వేరే ఫొటోల నుంచి, అంటే వేరే పిట్టల నుంచి.

2004 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆర్కన్సాస్ చిత్తడి అడవిలో తీసిన సుమారు 4 సెకన్ల వీడియో సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. అంతరించిపోయిందనుకున్న ఐవరీ బిల్డ్ వడ్రంగి పిట్ట అందులో ఉందని 2005లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. కాదు, అది సాధారణంగా కనిపించే పైలియేటెడ్ వడ్రంగి పిట్టేనని 2006లో అదే పత్రికలో మరికొందరు పక్షి నిపుణులు వాదించారు. పేచీ అంతా ఎగిరిపోతున్న పిట్ట రెక్కల్లో తెలుపు వెనుక అంచున ఉందా, ముందు వైపున ఉందా అన్నదాని చుట్టూనే తిరిగింది. ఆ మసక ఫ్రేములను మసకను పదునుపెట్టే ఇప్పటి ఏఐ షార్పెనర్‌కు అప్పగిస్తే ఏదో ఒక పక్షానికి చక్కని రెక్క గీసి ఇస్తుంది. దాన్ని చూపించి వాదన ముగిసిందనేవారు కూడా తప్పక బయలుదేరుతారు.

లకుముకి:
‘మూల ఫైల్’ మీద జెముడుకాకి గారికున్నంత నమ్మకం నాకు లేదు. సాధారణ కెమెరా సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగునే కొలుస్తుంది. తక్కిన రెండూ చుట్టుపక్కల పిక్సెళ్లను బట్టి కట్టే లెక్కలే. ఎవరూ చేయి పెట్టలేదని మనం మురిసిపోయే ఫొటోలోనూ రంగు విలువల్లో మూడింట రెండు వంతులు అంచనాలేనన్నమాట.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. బెదురు పిట్టను దగ్గరగా తీయాలన్న ఆత్రం చేసే చేటు ముందు సాఫ్ట్‌వేర్ గీసే గీత ఏపాటిది? రికార్డు చేసిన కూతను పదేపదే వినిపిస్తే, తన హద్దులోకి మరో మగపిట్ట చొరబడిందనుకొని అది మేత మాని వెతుకులాటలో పడుతుంది. గూడు దగ్గర మనిషి తచ్చాడితే పొదుగుతున్న తల్లి లేచిపోతుంది, గుడ్లు చల్లబడతాయి. ఫొటోకు అడ్డమని కొమ్మ వంచితే ఆ సందులోంచి ఎండా పడుతుంది, కాకి కన్నూ పడుతుంది. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద కొన్ని అరుదైన పక్షులను గూటి వద్ద కావాలని కలతపెట్టడం నేరం కూడా. దూరం నుంచే తీసి, క్రాప్ చేసి, ఏఐతో శుభ్రం చేసుకునే వెసులుబాటు ఉన్నవాడు పొదలోకి దూరడు. ఆ వెసులుబాటును మనమే నిషేధిస్తే పిట్టకు ఒరిగేదేమిటి?

జెముడుకాకి:
దూరం పాటించే విషయంలో లకుముకి గారితో నాకు పేచీ లేదు. కానీ పక్క పిక్సెల్‌ను బట్టి రంగు లెక్కగట్టేటప్పుడు వాడుకునేది ఆ క్షణాన ఆ పిట్ట మీది నుంచి వచ్చిన కాంతినే. ఏఐ సాఫ్ట్‌వేర్ ఈకలు గీసేటప్పుడు అలా కాదు. తొర్రలోంచి తొంగిచూస్తున్న గుడ్లగూబ ఫొటో ఒకటి మెరుగుపరచిన తరువాత పరిశీలించాను. చెవి కుచ్చు పక్కన బెరడు మీదున్న నాచుకు కూడా సాఫ్ట్‌వేర్ ఈకల నూగు అతికించింది, కుచ్చు ఎక్కడ ముగిసి చెట్టు ఎక్కడ మొదలైందో చెప్పలేని స్థితి. గోడకు తగిలించుకోవడానికి అది అందమైన చిత్రమే, అందుకు నేను అడ్డు చెప్పను.

పైడికంటి:
ఇద్దరూ ఒక దారి వదిలేశారు. పగటిపూట కదలకుండా కూర్చునే నైట్‌జార్ వంటి పిట్టనైతే, కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి 16 ఫ్రేములు తీసి సగటు కడితే నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది, వేరే పిట్ట ఈక ఒక్కటీ అరువు తేనక్కరలేదు. వార్బ్లర్‌కు ఈ పద్ధతి కుదరదు. అక్కడ ఎఫ్/6.3 లెన్స్ బదులు అంతకన్నా వెడల్పుగా తెరుచుకునే ఎఫ్/4 లెన్స్ వాడితే సుమారు రెండున్నర రెట్ల వెలుతురు దొరుకుతుంది గానీ, ఆ బరువూ ఆ ఖరీదూ అందరూ మోయగలిగేవి కావు. అయితే వంగపండు గారు బరస్ట్‌లో (వెంటవెంటనే వరుస ఫ్రేములుగా) తీసి ఉంటే ఒక పరీక్ష చేయవచ్చు. నాయిస్ ఫ్రేముకు ఫ్రేముకు చోటు మారుస్తుంది, ఈక మీది పట్టీ మారదు. ఏ మెరుగులూ దిద్దని ఫ్రేములను పక్కపక్కన పెట్టి చూడండి.

వంగపండు:
చూశాను. రెండు ఫ్రేముల్లో లేత చుక్కలు అవే ఈకల కొసల వద్ద ఉన్నాయి. మరో ఫ్రేములో లేవు, కానీ అందులో రెక్క మీద ఆకు నీడ పడింది. రా ఫైళ్లన్నిటినీ నమోదుకు జతచేశాను; ఏఐ ప్రతిని ఆ సంగతి పేరులోనే తెలిసేలా విడిగా ఉంచాను. జాతి పేరు గడిని ప్రస్తుతానికి ఖాళీగా వదిలాను.

లకుముకి:
నా దృష్టిలో ఆ రెండు ఫ్రేములు చాలు, పట్టీ ఉన్నట్టే. సాఫ్ట్‌వేర్ ఈసారి లేనిదాన్ని కల్పించలేదు.

జెముడుకాకి:
పట్టీ ఉందనే ఒప్పుకుందాం. ఈకల కొసలు అరిగే కొద్దీ ఈ పట్టీలు పలచబడతాయి, ఒక్కోసారి పూర్తిగా మాసిపోతాయి కూడా. కాబట్టి ఈ పిట్టకు ఉన్నది ఒకే పట్టీయా, లేక రెండు ఉండి రెండోది అరిగిపోయిందా అన్నది ఈ ఫొటోతో తేలదు. వార్బ్లర్లను ఫొటో కన్నా కూతే బాగా పట్టిస్తుంది. ఆ సమయంలో కూత ఏమైనా రికార్డయి ఉంటే, నాయిస్ తొలగించకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ పెట్టండి.