‘ముఖ్బిర్’కి తెలుగులో ఏమనాలి? ఆ సామెత ఇక్కడ అతుకుతుందా?

ప్రశ్న (అనువాదకురాలు):
1980లలో పంజాబ్ సరిహద్దు ఊళ్ళ మీద రాసిన వ్యాసమొకటి తెలుగు చేస్తున్నాను. ‘ముఖ్బిర్’ అన్న మాట పేజీకి రెండు మూడుసార్లు తగులుతోంది. మిలిటెంట్ల కదలికలు పోలీసులకు చేరవేసే ఊరి మనిషి అన్నమాట. ‘గూఢచారి’ అని రాస్తే నల్లకోటు, నల్లకళ్ళద్దాలే కళ్ళముందుకొస్తున్నాయి. మా ఎడిటర్ గారేమో ఆ భాగానికి ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని పేరు పెట్టేయమంటున్నారు. నాకెందుకో మింగుడుపడటం లేదు. పెద్దలు చెప్పాలి.

తెలుగు మాస్టారు:
అమ్మా, మనకు మాటలకు కరువేం లేదు. అమరకోశంలో ‘యథార్హవర్ణః ప్రణిధిరపసర్పశ్చరః స్పశః, చారశ్చ గూఢపురుషశ్చ’ అని ఏకంగా ఏడు పేర్లున్నాయి. అచ్చ తెలుగులో వేగు, వేగులవాడు. యథార్హవర్ణుడంటే సమయానికి తగ్గ వేషం వేసేవాడు. 1988లో స్వర్ణదేవాలయం నుంచి మిలిటెంట్లను బయటికి రప్పించిన ఆపరేషన్ బ్లాక్ థండర్‌కు ముందు ఇంటెలిజెన్స్ అధికారి అజిత్ డోవల్ రిక్షావాడి వేషంలో స్వర్ణదేవాలయంలోకి వెళ్ళి, పాకిస్తాన్ ఐఎస్ఐ మనిషినని లోపలున్నవాళ్ళను నమ్మించారని చెప్పుకుంటారు చూడండి, ఆ మాట అలాంటివారికి సరిపోతుంది. తర్వాత ఆయనకు కీర్తిచక్ర ఇచ్చారు.

కానీ వీళ్ళంతా రాజు పంపితే వెళ్ళినవాళ్ళు. మీ ముఖ్బిర్‌ను ఎవరూ ఎక్కడికీ పంపలేదు, వాడు తన ఊళ్ళోనే ఉన్నాడు. కాబట్టి ఆ ఏడింటిలో ఒక్కటీ పనికిరాదు. ఇంకో విశేషం. అదే శ్లోకపాదంలో గూఢపురుషుడి వెంటనే ‘ఆప్తప్రత్యయితౌ సమౌ’ అని వస్తుంది. అంటే నమ్మదగినవాడు. అమరసింహుడు కావాలని పక్కపక్కన పెట్టాడో లేదో గానీ నాకు మాత్రం చదివినప్పుడల్లా నవ్వొస్తుంది.

కరీంనగర్ నుంచి ఒకరు:
మాస్టారూ, మా దిక్కు దీనికి మాట ఎప్పుడో ఉన్నది. ఇన్ఫార్మర్. ‘ఇన్ఫార్మర్ నెపంతో హత్య’ అని పేపర్ల ఎన్నిసార్లు చదివినమో. నక్సలైట్ల దళం లోపల ఉండి పోలీసోళ్ళకు పనిచేసేటోడు కోవర్టు. ఈ రెండూ పల్లెల్లో ముసలోళ్ళకు కూడా తెలుసు. అక్కా, మీరు కొత్త మాట పుట్టియ్యకండి, అవే పెట్టుండ్రి.

అనువాదకురాలు:
తమ్ముడూ, మంచి మాట గుర్తుచేశావు. వ్యాసంలో ‘క్యాట్’ అని కూడా ఉంది. పట్టుబడిన, లొంగిపోయిన మిలిటెంట్లను పోలీసులే మళ్ళీ తమవాళ్ళ మీదకు ఉసిగొల్పితే వాళ్ళను అలా పిలిచేవారట. ‘పిల్లి’ అని రాస్తే నవ్వులపాలవుతాను. కోవర్టు అంటే సరిపోతుంది.

చండీగఢ్‌లో ఉద్యోగం చేసి వచ్చిన సభ్యుడు:
నేను సామెత సంగతి మాట్లాడతాను. హిందీలో ‘ఘర్ కా భేదీ లంకా ఢాయే’ అంటారు. అక్కడ లంకను కూల్చేది భేదీ, అంటే మనిషి. మన సామెతలో మనిషే లేడు, గుట్టు ఉంది, చేటు ఉంది. విభీషణుణ్ణి పేరుపెట్టి తిట్టకుండా తప్పుకున్నాం. ఆ మేరకు మనదే నయం. అయినా ఇక్కడ పెట్టకూడదంటాను. ఎందుకంటే ‘ఇల్లు’ ఏదో ముందు తేలాలి.

భారతదేశం ఇల్లయితే ముఖ్బిర్ ఇంటిని కాపాడినవాడు, గుట్టు విప్పినవాడు కాదు. పంథ్, అంటే సిక్కు సమాజం, ఇల్లయితే వాడే ద్రోహి. సిక్కు ఇళ్ళల్లో ద్రోహి అంటే గుర్తొచ్చేది లంక కాదు, గంగు. గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులిద్దరినీ, ఆయన తల్లి మాతా గుజరీనీ సర్‌హింద్ నవాబు మనుషులకు పట్టించిన వంటవాడు. ఆ పేరు తగిలిస్తే ఊళ్ళో ఆ కుటుంబం గతి ఏమవుతుందో ఊహించుకోండి.

అసలు ఆ ఊళ్ళ పరిస్థితి చూడండి. 1986 ఏప్రిల్ 29న మిలిటెంట్ల పంథిక్ కమిటీ స్వర్ణదేవాలయం నుంచి ఖలిస్తాన్ అనే ప్రత్యేక సిక్కు దేశాన్ని ప్రకటించాక తరన్ తారన్ వైపు మిలిటెంట్లు రాత్రిళ్ళు తుపాకులతో వచ్చి అన్నం పెట్టమనేవారు. కాదంటే ఒక ప్రమాదం, పెడితే ఇంకో ప్రమాదం. 1987 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద వాళ్ళకు ఆశ్రయమిస్తే కనీస శిక్ష అయిదేళ్ళు. పొద్దున పోలీసులొచ్చి ఎవరొచ్చారని అడిగితే నోరు విప్పినవాడు ముఖ్బిర్, విప్పనివాడు మిలిటెంట్ల మనిషి. ఇందులో దేశభక్తి ఎంత, ద్రోహం ఎంత, భయం ఎంత అని ఎవరు తూచగలరు? ఒకే మనిషి రాత్రి రొట్టెలు చేసిపెట్టి పొద్దున పేర్లు చెప్పిన సందర్భాలూ ఉంటాయి.

గూఢచర్యానికి సరిహద్దు అవతలికి వెళ్ళినవాళ్ళకూ ఇంటి నుంచి దక్కింది అంతంతమాత్రమే. ఫిరోజ్‌పూర్ జిల్లాకు చెందిన సుర్జీత్ సింగ్ మూడు దశాబ్దాలు పాకిస్తాన్ జైళ్ళలో ఉండి 2012లో వాఘా దాటి వచ్చాడు. గూఢచర్యానికే వెళ్ళాననీ, పట్టుబడ్డాక తనను ఎవరూ పట్టించుకోలేదనీ అక్కడే చెప్పేశాడు.

కరీంనగర్ నుంచి ఒకరు:
అన్నా, అచ్చం మా దగ్గర జరిగినట్టే ఉన్నది. మరి ఆ మిలిటెంట్లను ఊరోళ్ళు ఏమనేటోళ్ళు? మా దగ్గర నక్సలైట్లను ‘అన్నలు’ అనేది.

చండీగఢ్ సభ్యుడు:
‘ముండే’ అనేవారు, అంటే కుర్రాళ్ళు. అభిమానులైతే ‘ఖాడ్కూ’, పోరాడేవాడని. సర్కారు మాట ‘అత్‌వాదీ’. వ్యాసంలో ఎవరి నోట ఏ మాట ఉందో ఆ తేడా పోకుండా చూడండి మేడమ్. అన్నిచోట్లా ‘ఉగ్రవాది’ అని పెట్టేస్తే ఊరివాడి నోట పోలీసు భాష పెట్టినట్టవుతుంది.

అనువాదకురాలు:
సరిగ్గా అలాంటిదే ఇంకొకటి. శ్మశానం రిజిస్టర్లలో ‘లావారిస్’. అనాథ శవం అని రాశాను.

తెలుగు మాస్టారు:
వద్దమ్మా, మార్చండి. పోలీసులు గుట్టుగా దహనం చేసిన శవాల సంగతి మానవహక్కుల కార్యకర్త జస్వంత్ సింగ్ ఖాల్డా బయటపెట్టింది ఆ రిజిస్టర్ల నుంచే కదా. 1995 సెప్టెంబరులో పోలీసులు ఆయన్నే ఎత్తుకెళ్ళారు. తర్వాత సీబీఐ అమృత్‌సర్ జిల్లాలోని మూడు శ్మశానాల్లో 2,097 అక్రమ దహనాలు తేల్చింది. వాటిలో 585 మంది ఎవరో పూర్తిగా తెలిసింది. అంటే వారసులున్నారు. మన ‘వారసుడు’, ఆ ‘వారిస్’ ఒకటే మాట. కాబట్టి ‘వారసులు లేని శవం అని రాసుకున్నారు’ అనండి. ‘అని రాసుకున్నారు’ అన్నది మాత్రం వదలొద్దు.

అనువాదకురాలు:
అలాగే మాస్టారూ. సామెత తీసేసి ‘రాత్రి అన్నం, పొద్దున పోలీసు’ అని పెడతానని ఎడిటర్ గారికి చెప్తాను. ఒప్పుకుంటారో లేదో. చివరగా, ఖలిస్తానా, ఖాలిస్తానా, ఖలిస్థానా?

తెలుగు మాస్టారు:
‘ఖాలిస్’ అంటే స్వచ్ఛం కాబట్టి న్యాయంగా దీర్ఘముండాలి. పత్రికల్లో పొట్టిదే నిలిచిపోయింది, ఉండనివ్వండి. థకారం మాత్రం పెట్టకండి.

కరీంనగర్ నుంచి ఒకరు:
అయితే నిజాం జమానాల ‘ఖాల్సా ఊరు’ అనేటోళ్ళు, జాగీర్దారు కింద లేకుండ నేరుగ సర్కారు కింద ఉన్న ఊరని. అదీ ఇదే మాటనా మాస్టారూ?

తెలుగు మాస్టారు:
అదే నాయనా.