హాక్స్ నెస్ట్ బోర్డు మీద ఎంతమంది చనిపోయారని రాయాలి?

కొండదారి:
పోయిన వారం వెస్ట్ వర్జీనియాలో ఫాయెట్ కౌంటీ మీదుగా 60వ నంబరు హైవేలో వెళ్తూ ఆన్‌స్టెడ్ దగ్గర హాక్స్ నెస్ట్ వ్యూపాయింట్‌లో కారు ఆపాం. కింద లోయలో న్యూ రివర్, చుట్టూ అడవి, అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. అక్కడే రాష్ట్ర ప్రభుత్వం 1986లో పెట్టిన చరిత్ర బోర్డు ఉంది. కరెంటు కోసం నదిని కొండలోంచి మళ్ళించే సొరంగం తవ్వుతుంటే సిలికా అనే రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి కూలీలు చనిపోయారని, ఒప్పుకున్న మరణాలు 109 అని, అమెరికా కాంగ్రెస్ విచారణ 476 అని చెప్పిందని, లోపల పనిచేసిన 3,000 మందిలో ఎక్కువమంది వలస వచ్చిన నల్లజాతివాళ్ళని రాశారు. అంతా చదివాక కంపెనీ పేరు కోసం మళ్ళీ వెతికాను. లేదు.

ఆ సొరంగం తవ్వించింది యూనియన్ కార్బైడ్ అనుబంధ సంస్థ. బోర్డు పెట్టేనాటికి భోపాల్ జరిగి రెండేళ్ళు కూడా నిండలేదో, అప్పుడే నిండాయో, మొత్తానికి ఆ పేరు ప్రపంచమంతా తెలుసు. 1986లోనే మార్టిన్ చెర్నియాక్ అనే డాక్టరు మృతులు కనీసం 764 మంది ఉంటారని లెక్కగట్టారు. పేరూ, ఈ అంకె రెండూ చేర్చి బోర్డు మార్చాలని నా వాదన. మీరేమంటారు?

పాతపటం:
కంపెనీ పేరు చేర్చాలన్నది ఒప్పుకుంటాను, అంకె దగ్గరే నాకు అభ్యంతరం. 764 అనేది పేర్లు రాసుకుని లెక్కపెట్టింది కాదు, అంచనా. ప్రభుత్వ బోర్డు మీద ఒక అంచనా పోతపోస్తే, రేపు ఇంకొకరు ఇంకో అంచనా తెస్తారు, అప్పుడు మళ్ళీ మారుస్తామా? ఇంకో మాట. పర్యాటకుల మీద బతికే కౌంటీలో, సరిగ్గా అందరూ ఆగే చోట, ఇది రాష్ట్రంలోకెల్లా ఘోరమైన పారిశ్రామిక ప్రమాదం అని రాసి నిలబెట్టారు. అది చిన్న విషయం కాదండీ.

రాతిపొడి:
పాతపటం గారూ, మా నాన్న గ్రానైట్ క్వారీలో డ్రిల్లర్. ఏ క్వారీయో చెప్పను. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. చివరి మూడేళ్ళు మంచం మీద కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే ఊపిరాడేది కాదు. ఆస్పత్రి కాగితంలో మాత్రం దుమ్ము జబ్బు అనకుండా టీబీ అని రాశారు. అందుకే కాగితంలో ఉన్నదే లెక్క అంటే నాకు మనసు ఒప్పదు.

హాక్స్ నెస్ట్‌లోనూ అదే జరిగింది. 1930లో పని మొదలైంది, దేశమంతా ఆర్థిక మాంద్యం (డిప్రెషన్), కూలి దొరికితే చాలని దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చారు. రాయి చాలాచోట్ల దాదాపు స్వచ్ఛమైన సిలికా. నీళ్ళు పోస్తూ తొలిస్తే దుమ్ము అంతగా లేవదు, కానీ పని ఆలస్యమవుతుంది, అందుకని పొడిగానే తొలిచారు. మాస్కుల్లేవు. జబ్బుపడ్డ వాళ్ళు సొంతూళ్ళకు వెళ్ళిపోయి అక్కడ చనిపోతే వాళ్ళను ఏ కౌంటీ లెక్కపెట్టింది? కచ్చితమైన అంకె లేకపోవడానికి కారణం ఆ కూలీలను ఎవరూ పట్టించుకోకపోవడమే కదా.

ఇక సమాధులు. తెల్లవాళ్ళ శ్మశానాల్లో చోటివ్వరు కాబట్టి నల్లజాతి కూలీలను చాలామందిని సమ్మర్స్‌విల్ తీసుకెళ్ళి ఒక పొలంలో పాతిపెట్టారు. 1972లో 19వ నంబరు హైవే వెడల్పు చేస్తూ ఆ సమాధులను కూడా తవ్వి వేరేచోటికి మార్చారు. అక్కడ సరైన స్మారకం 2012లో గానీ రాలేదు.

పాతపటం:
మీ నాన్నగారి విషయం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. టీబీ అని రాశారన్నారే, నా వాదనలో లోపం అక్కడ కనిపించింది. 476 కూడా విచారణలో వచ్చిన మాటే గానీ పేర్ల జాబితా కాదు, అది బోర్డు మీద ఉండగా 764 ఎందుకు ఉండకూడదంటే నా దగ్గర జవాబు లేదు. "అంచనా" అనే మాట మాత్రం పక్కన ఉండాలి.

కొండదారి:
ఆ మాట ఉండాల్సిందే, ఒప్పుకుంటున్నాను. దాంతోపాటు సమ్మర్స్‌విల్ సమాధులకు దారి చెప్పే ఒక వాక్యం కూడా. మేము వ్యూపాయింట్ చూసి వెనక్కి వచ్చేశాం, అవి ఉన్నాయనే తెలియదు. రాష్ట్ర చరిత్ర శాఖకు రాయబోయే ఉత్తరం ఆదివారానికల్లా ఇక్కడ పెడతాను. రాతిపొడి గారూ, పొడి డ్రిల్లింగ్ గురించిన పేరా మీరు రాసిస్తారా?