క్లారినెట్ శృతి పైకి పోతోంది, రిహార్సల్ ఎలా చేయాలి?

నమస్కారమండీ, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. దసరాకి పాత సినిమా పాటల ఆర్కెస్ట్రా పెడుతున్నాం. కీబోర్డు, వయొలిన్ 440 హెర్ట్జ్ ప్రామాణిక శృతికే కలుపుకుంటున్నాం. క్లారినెట్ వాయించే మావయ్యగారు మొదటి పాటలో బాగానే ఉంటారు, గొట్టం వేడెక్కేసరికి శృతి పైకి పోతుంది. బ్యారెల్ (మౌత్‌పీస్ కింద ఉండే చిన్న గొట్టం ముక్క) కాస్త బయటికి లాగితే దిగుతోంది గానీ పాట మధ్యలో ఎలా లాగుతారు? హార్మోనియమా, దాని శృతి మార్చే వీలే లేదు. ముందే వాయించి వేడెక్కించాక శృతి చూసుకుంటే సరిపోతుందా?

ఇంకోటి. తబలా, వయొలిన్ వాళ్లు ఒడియావాళ్లు. వాయింపు అద్భుతం! కానీ నేను తెలుగులో రాసిచ్చిన స్వరాలు చదవలేరు, ఇంటర్‌లూడ్ తర్వాత చరణం ఎత్తుగడ ప్రతిసారీ తప్పుతోంది. స్వరాలు ఒడియా లిపిలో రాయించాలా, ఆవర్తాలు (తాళం చుట్లు) లెక్కపెట్టించాలా? రిథమ్ వాళ్లని ముందు విడిగా కూర్చోబెట్టమంటారా? స్టేజీ మీద వాయించినవాళ్లు చెప్పండి, ప్లీజ్.